చెయ్యెత్తని తోర్కిల్

శనివారం పదింటికి కోపెన్‌హాగెన్ నగర భవనంలో కూతురు తిల్దె పెళ్ళి. అక్కడ పది నిమిషాలకొక పెళ్ళి చేసి పంపిస్తారు, ఎవరి కోసమూ ఆగరు. తొమ్మిదిన్నరకు బయల్దేరితే చాలనుకున్నాడు తోర్కిల్. అనుకున్నట్టే టాక్సీ ఎక్కి తాళం తిప్పాడు. బ్యాటరీ చచ్చింది.

ముప్ఫయ్యేళ్ళుగా టాక్సీ నడుపుతున్న తోర్కిల్ సైకిళ్ళవాళ్ళను తిట్టని రోజు లేదు. కాబోయే అల్లుడు యెప్పె చూస్తే నగరపాలక సంస్థలో సైకిల్ దారులు వేయించే ఇంజనీరు. "నాన్న రాడు, ఏదో సాకు చెబుతాడు" అని తిల్దె ముందే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు బ్యాటరీ సంగతి చెబితే ఏ కూతురు నమ్ముతుంది? భార్య పెళ్ళికూతురితో ముందే వెళ్ళింది. ఇంట్లో మిగిలింది ఆవిడ సైకిలొక్కటే. పళ్ళు నూరుకుంటూ దాన్నే ఎక్కాడు.

వంతెన మీద, సైకిల్ దారి పక్కనే కార్లు వెళ్ళే రోడ్డులో తోటి డ్రైవరు ఐగిల్ టాక్సీ కనిపించింది. ప్రాణం లేచొచ్చి, తోర్కిల్ ఉన్నచోటనే బ్రేకు పట్టాడు.

ఆ ఊళ్ళో సైకిల్ ఆపేముందు చెయ్యెత్తాలి. బళ్ళో చేరని పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. కానీ కారు వెనక ఎర్రదీపం దానంతటదే వెలుగుతుంది, తోర్కిల్‌కు చెయ్యెత్తే అలవాటెక్కడిది? ముందువైపు సామాన్ల పెట్టె బిగించిన సైకిల్ తొక్కుతూ వెనకాలే వస్తున్నావిడ వచ్చి గుద్దింది. పెట్టెలోని ఆపిల్ పళ్ళు వంతెనంతా దొర్లాయి. ఆవిడ వెనక నలభై సైకిళ్ళు ఆగిపోయాయి.

స్నేహితుణ్ణి ఎక్కించుకుందామని ఐగిల్ టాక్సీని సరాసరి సైకిల్ దారి మీదికే ఎక్కించాడు. అంతే, జనం చుట్టుముట్టారు.

"ఇది నీ పెరడా, కారు తెచ్చి పెట్టడానికి?"

"రెండు నిమిషాలు ఆపితే మీ సొమ్మేం పోయిందయ్యా?" అన్నాడు తోర్కిల్, తను దిగింది సైకిల్ మీంచేనని మరిచిపోయి.

"వీడు మనవాడు కాదు, టాక్సీవాడే."

టాక్సీ అంగుళం కదిలే దారి లేదు. సైకిల్ ముందుచక్రం సొట్టపోయింది. టైము పదికి పది నిమిషాలు తక్కువ. తోర్కిల్ సైకిల్ వదిలేసి జనం వైపు తిరిగాడు. "పదింటికి మా అమ్మాయి పెళ్ళి. కావాలనే రాలేదనుకుంటుంది."

"ఇంతసేపూ ఆ మాట మానేసి రోడ్డు న్యాయం చెబుతావేం పెద్దాయనా? ఎక్కు," అంది ఆపిల్ పళ్ళావిడ, ఖాళీ పెట్టె చూపిస్తూ.

పది కావడానికి నిమిషముందనగా నగర భవనం మెట్ల ముందు పెట్టె సైకిల్ ఆగింది. పెట్టెలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని తోర్కిల్, వెనక గంటలు మోగిస్తూ నలభైమంది.

తిల్దె పరుగున వచ్చి కావలించుకుంది. "యెప్పె కోసం ఇంతమందిని కూడగట్టావా నాన్నా?"

యెప్పె కళ్ళు తుడుచుకున్నాడు. "మావయ్యా, ప్రతి ఆదివారం భోజనానికి ఇలాగే సైకిల్ మీద రండి."

తోర్కిల్ నిజం చెప్పబోయాడు. కూతురి మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఆ క్షణంలో అతనికి సైకిళ్ళవాళ్ళందరూ సొంత మనుషుల్లా కనిపించారు.

ఇప్పటికీ ఒక్క ఆదివారం తప్పకుండా వెళ్తున్నాడు, కాకపోతే కూతురింటికి రెండు వీధుల ఇవతల టాక్సీ ఆపి, డిక్కీలోంచి సైకిల్ దించుకుంటున్నాడు.