214/2లో ముళ్ళ మొక్క తొలగింపు

సర్వే నంబరు 214/2లో ముళ్ళ మొక్కను గుర్తించి తొలగించడానికి వచ్చిన బృందం, ఆ పొలంలో పీకెయ్యాల్సింది సర్కారు తుమ్మను కాదు, రైతు మాలకొండయ్యను అని తేల్చి, మధ్యాహ్న భోజనానికి ముందే పంచనామా మీద సంతకాలు పూర్తి చేసింది. ఆ మండలంలో ఇది కొత్తేమీ కాదు. పోయిన నెల పక్క ఊళ్ళో ముగ్గురిని పీకారు. కాకపోతే అర్జీ పెట్టుకున్నవాడినే పీకాల్సి రావడం ఇదే మొదటిసారి కాబట్టి, ఫైలును కొంచెం గట్టి దారంతో కట్టారు.

అర్జీ పెట్టింది మాలకొండయ్యే. అతనికున్నది రెండున్నర ఎకరాల మెట్ట. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేస్తే, భార్య అంకమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదు పోయి ఇసుక మోశాడు. పోయేముందు ఆ ప్రాంతంలో అందరూ చేసే పనే తనూ చేశాడు. రోడ్డు పక్క తుమ్మ కొమ్మ ఒకటి నరికి ఈడ్చుకొచ్చి, పొలం దారికి అడ్డంగా కంప వేశాడు. కంప పడిందంటే ఆ పొలానికి మనిషి ఉన్నాడు, ఎవరూ కాలు పెట్టొద్దని అర్థం. ఎవరూ పెట్టలేదు కూడా. అయితే ఆ కొమ్మకు ఎండిన కాయలున్నాయి. అది చూసుకోకపోవడం అతని పొరపాటు. రెండేళ్ళకు తిరిగొచ్చేసరికి పొలం నిండా తుమ్మ మనిషెత్తు పెరిగి ఉంది.

ఈ ఏడు ఆషాఢంలోనే వాన పడి, విత్తడానికి మంచి పదును దొరికింది. ఈ పదునులో కంది గింజ నేలలో పడితే మాలకొండయ్య మళ్ళీ రైతు. పడకపోతే మళ్ళీ ఇసుక తట్ట. ఆ తట్ట తలుచుకుంటేనే అతనికి మెడ లాగేది. అందుకే పొలంలోని పనికిరాని ముళ్ళ మొక్కను వేళ్ళతో సహా పీకించమని వేడుకుంటూ అర్జీ రాయించి, కింద సంతకం పెట్టాడు.

బృంద నాయకుడు శేషాచలపతి చెడ్డవాడు కాదు. ముళ్ళున్నాయని తెలిసీ చెప్పులు గట్టు మీద విడిచి పొలంలోకి దిగేంత మర్యాదస్తుడు. అతని చేతిలో, పీకాల్సిన మొక్కను గుర్తుపట్టే పత్రం ఉంది. అందులోని లక్షణాలను పొలంలో నిలబడి ఉన్న ప్రతిదానితోనూ సరిచూడాలని నిబంధన. ఆ సమయానికి పొలంలో తుమ్మా, మాలకొండయ్యా నిలబడి ఉన్నారు.

కరువులో చావదు, అని ఉంది మొదటి గడిలో. ఇద్దరూ చావలేదు కాబట్టి సమానం. కొట్టేసినా మళ్ళీ చిగురిస్తుంది, అని రెండోది. మూడుసార్లు పంట పోయినా నాలుగోసారి విత్తనాల సంచితో దిగాడని మాలకొండయ్య గురించి ఊరంతా చెప్పింది. మందుకు లొంగదు, అని మూడోది. ఐదేళ్ళ కిందట మిరపకు పురుగుమందు కొడుతూ పడిపోయి, ఆస్పత్రి నుంచి సొంత కాళ్ళ మీద నడిచొచ్చినవాడు అతనే. తుమ్మకు అలాంటి చరిత్రేమీ లేదు. నాలుగో గడి అన్నింటికన్నా ముఖ్యమైనది: ఇక్కడిది కాదు, బయట నుంచి వచ్చింది.

"ఈ రెండేళ్ళూ నువ్వు పొలంలో ఉన్నావా?" అనడిగాడు శేషాచలపతి.

"లేను సార్. పనికి బొయ్యాం గదా."

"తుమ్మ ఉందా?"

"ఉంది."

"ఒక్క రోజన్నా పక్కకు వెళ్ళిందా?"

మాలకొండయ్య అబద్ధమాడే మనిషి కాదు. ఆలోచించి, "లేదు సార్" అన్నాడు.

"దారికి కంప వేసిందెవరు?"

"నేనే. పొలానికి కాపలాగా ఉంటదని."

"అంటే నీ చేత్తో నువ్వే అప్పజెప్పి వెళ్ళావు" అని శేషాచలపతి రాసుకున్నాడు.

ఆకాశం నుంచి తీసిన ఫొటోలు కూడా తెప్పించారు. మాలకొండయ్య దున్నిన రోజుల్లో 214/2 మట్టి రంగులో ఉంది. ఈ రెండేళ్ళూ పచ్చగా ఉంది. పచ్చగా ఉంటే సాగులో ఉన్నట్టు, సాగు చేసేది రైతు. పాసు పుస్తకంలో ఫొటో మార్చడానికి తుమ్మ నుంచి ఒక రెమ్మ జాగ్రత్తగా కోసి కవరులో పెట్టారు.

అంకమ్మ ఊరుకోలేదు. "మీ కళ్ళు గాని పొయ్యినయ్యా? మడిసిని పట్టుకోని మొక్కంటారేంది! ముప్పై ఏళ్ళ నించి కాపరం జేస్తన్నా, నాకు తెలవదా ఆయన ఏందో?" అని మీదికి వచ్చింది. శేషాచలపతి ఓపిగ్గా విని, 'ముళ్ళు ఉన్నవి' అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆమెను తల్లి మొక్క పక్కన లేచిన పిలకగా రాశాడు. పిలకకు వేరే ఫారం అక్కర్లేదు.

ఎవరి మీద అరవాలో మాలకొండయ్యకు తెలియలేదు. తుమ్మ ఏమీ అనలేదు, ఆఫీసరు మర్యాద తప్పలేదు, అర్జీ కింద సంతకమేమో తనది. చివరికి చేతులు జోడించాడు.

"సార్, ఈ ఒక్క పంట కంది ఏసుకోనియ్యండి. కోసుకున్నాక పీకండి, నేనే వచ్చి నిలబడతా."

శేషాచలపతి నిజంగానే బాధపడ్డాడు. "కాపుకు రానిస్తే గింజ రాలుతుంది, పెద్దాయనా. మళ్ళీ మొలుస్తారు. పూతకు ముందే పీకెయ్యాలని రూలు."

తవ్వడానికి వచ్చిన కూలీ ఏసురత్నం అదే ఊరివాడు. చిన్నప్పుడు ఈ పొలంలోనే కలుపు తీశాడు. మాలకొండయ్య పాదాల చుట్టూ గునపంతో గీత గీసి, మట్టిని మెల్లగా పైపైన కదిలించాడు.

"నొప్పి చేస్తే జెప్పు మామా."

పని సగం సగం చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం మాలకొండయ్య వల్ల కాదు. "అట్టా గోకితే ఎట్టారా? తల్లివేరు తెగాల. మూరెడు లోతు దించు. లేకుంటే మళ్ళా మొలుస్తా, మళ్ళా నీకే చాకిరీ" అన్నాడు. ఏసురత్నం ముక్కు చీదుకుని మూరెడు లోతు తవ్వాడు. పక్కనే అంకమ్మ, తన వంతు వచ్చేదాకా కొంగు నడుముకు చుట్టుకుని నిలబడింది.

ట్రాక్టరు తొట్టిలో అప్పటికే పదిమంది ఉన్నారు. వాళ్ళు జరిగి చోటిచ్చారు. ఎందుకు పీకారని ఎవరూ అడగలేదు. ఏం వేసేవాళ్ళని మాత్రం ఒకాయన అడిగాడు. కంది అన్నాడు మాలకొండయ్య. "మాది మినుము" అని ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వీటిని ఎక్కడ దించమంటారు సార్?" అని డ్రైవరు అడిగాడు.

"పట్నం అవతల కొత్త బిల్డింగులు లేస్తున్నాయే, అక్కడ" అన్నాడు శేషాచలపతి చెప్పులు తొడుక్కుంటూ. "ఏ మూల దించినా సరే. తెల్లారేసరికి వాటంతట అవే పనిలోకి పోతాయి."

అందులో తప్పేమీ మాలకొండయ్యకు కనపడలేదు. అంకమ్మకు చోటు చాలేలా మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు.