ముక్కుగారి క్షేత్ర పరిశీలన

"మద్యాన్ని మట్టుబెట్టాలంటే ముందు దాన్ని ముఖాముఖి ఎదుర్కోవాలి! కాబట్టి ఈ రోజు మనం చేయబోయేది విహారం కాదు, క్షేత్ర పరిశీలన!"

పరదేశపు హోటల్లో టిఫిను బల్ల దగ్గర కూర్చుని, రొట్టెకు వెన్న రాస్తూ ముక్కుగారు ఈ ప్రకటన చేశారు. వినడానికి భార్య తప్ప ఎవరూ లేరు. అయినా నిండుసభకు చెప్పినట్టే చెప్పారు. పక్క బల్లవాళ్ళు తలలు తిప్పి చూశారు. భాష తెలియకపోయినా ఎక్కడో ఏదో మునిగిపోతోందని మాత్రం వాళ్ళకు అర్థమైంది.

"ద్రాక్షతోటకేగా వెళ్తున్నాం? దానికింత ఉపన్యాసం ఎందుకండీ?" అంది ఆవిడ.

"తోట ఒక్కటే కాదు. అక్కడ వైన్ రుచి చూపిస్తారు. మనం రుచి చూడం. వాసన చూస్తాం."

"వాసన చూడటానికి కొత్త కోటు కూడా కావాలా?"

"శత్రువును కలవడానికి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ బట్టలుండాలి!"

ముక్కుగారు వాళ్ళ ఊరి మద్యపాన వ్యతిరేక సంఘానికి అధ్యక్షులు. ఆ పదవి ఆయనకు చదువు వల్ల రాలేదు, మాటకారితనం వల్లా రాలేదు. ముక్కు వల్ల వచ్చింది. ఒక మనిషి పక్కన నిలబడి ఒక్కసారి గాలి పీల్చారంటే చాలు, తాగాడో లేదో, తాగితే ఎవరితో కలిసి తాగాడో చెప్పేస్తారని ప్రతీతి. సంఘంలో సాక్షులు అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. అధ్యక్షులవారి ముక్కుదే తుది తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

ఆ ముక్కుకు బలైనవాళ్ళలో ఆవిడ తమ్ముడొకడు. అతను చెక్క సామానుకు పాలిష్ పెట్టే పనివాడు. రెండేళ్ళ కిందట అక్కగారింటికి భోజనానికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ముక్కుగారు ఒక్క పీల్పు పీల్చి, "మద్యం! నిస్సందేహంగా మద్యం!" అన్నారు. "లక్కను స్పిరిట్‌లో కరిగిస్తాం బావగారూ, ఎంత కడిగినా చేతులకు ఆ వాసన పోదు" అని అతను మొత్తుకున్నాడు. తీర్పు తీర్పే. ఆ రోజు నుంచి అతను ఆ గడప తొక్కలేదు. అక్కను చూడాలనిపిస్తే వచ్చి గేటు అవతల నిలబడతాడు. ఆవిడ గేటు ఇవతల నిలబడుతుంది. తిన్నావా అని ఆవిడ అడుగుతుంది. తిన్నానని అతను అబద్ధమాడతాడు. ఆవిడ లోపలికి వచ్చి తలుపు వేసుకుంటుంది.

ఈ ప్రయాణంలోనైనా మొగుడి మనసు మెత్తబడుతుందని ఆవిడ ఆశ. విమానంలో ఒకసారి తమ్ముడి మాట ఎత్తింది. "ముక్కు పొరబడదు" అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

ద్రాక్షతోట వాళ్ళ రాతి భవనంలో, కింది అంతస్తులో చల్లటి గది. గోడ వారగా పీపాలు. మధ్యన పొడుగాటి చెక్కబల్ల, దాని మీద బోర్లించిన గ్లాసులు, రుచి చూసి ఉమ్మేసేవాళ్ళ కోసం ఒక రాగి బకెట్టు. ముక్కుగారు పీపాలన్నిటినీ తీవ్రంగా చూస్తూ, ఖైదీలను లెక్కపెట్టే జైలరులాగా అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ సమయంలో ఆవిడ, నల్ల ఏప్రన్ కట్టుకుని వైన్ పోసే అమ్మాయి దగ్గరికి వెళ్ళి, తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడబలుక్కుని మెల్లగా చెప్పింది.

"మా ఆయన వాసన చూస్తానంటాడు కానీ అక్కడితో ఆగడమ్మా. నాకు తెలుసు. ఆయన గ్లాసులో ఉత్త ద్రాక్షరసం పొయ్యి. ఆయనతో అనకు."

"ఓ, తప్పకుండా! కార్లు నడిపేవాళ్ళకు అదే పోస్తాం. రంగు చూసి ఎవరూ కనిపెట్టలేరు" అంది ఏప్రన్ అమ్మాయి.

ఎంతైనా మొగుడు. పదవి ఊడితే ఆ ముక్కు రోజంతా ఇంట్లోనే తిరుగుతుంది. అది మరీ కష్టం.

మొదటి గ్లాసు వచ్చింది. ముక్కుగారు మాట తప్పలేదు. వాసన మాత్రమే చూశారు. "అబ్బో! ఘాటు! కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి!" అన్నారు. నిజంగానే తిరిగాయి.

రెండో గ్లాసుకు నియమం కాస్త సవరించారు. "ముక్కు చెప్పినదాన్ని నాలుక ధ్రువీకరించాలి. అది పరిపాలనా పద్ధతి." పుక్కిలించి ఉమ్మారు. బకెట్టులో సగం, కోటు మీద సగం పడింది.

మూడో గ్లాసుకు ఇంకో సవరణ వచ్చింది. "ఇచ్చినదాన్ని వాళ్ళ ముందే ఉమ్మేస్తే ఏమనుకుంటారు? పరాయి దేశంలో పరువు ముఖ్యం." మింగేశారు.

నాలుగోదాన్ని పోల్చి చూడటానికి మూడోది మళ్ళీ కావలసి వచ్చింది. మూడోది తాగేసరికి నాలుగోది ఎలా ఉందో మరిచిపోయారు! ఆవిడ తన గ్లాసు తాను మాటా పలుకూ లేకుండా ఖాళీ చేస్తూ కూర్చుంది.

"ఇదిగో... నాకు ఎక్కేసిందే!" అన్నారు ముక్కుగారు. కాళ్ళు తడబడ్డాయి. దగ్గరలో ఉన్న పీపాను కావలించుకుని "అన్నా!" అన్నారు. సంఘం ప్రార్థనాగీతాన్ని ప్రేమపాట వరసలో అందుకున్నారు. తరవాత భార్య చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నువ్వు బంగారానివే! ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పకుండా ఈ అధ్యక్ష పదవి నా నోరు నొక్కేసింది!"

ఇదే అదను అనుకుంది ఆవిడ. "అయితే మా తమ్ముణ్ణి ఇంటికి రానిస్తారా?"

"వాడా? తాగుబోతు! ఆ రోజు వాడి దగ్గర వచ్చిన వాసన ఏమిటో తెలుసా?" గ్లాసు ఎత్తి గట్టిగా పీల్చారు. "ఇదే! సరిగ్గా ఇదే! ప్రమాణం చేసి చెబుతాను!"

"అధ్యక్షా!"

మెట్ల మీద సంఘం ఉపాధ్యక్షులవారు నిలబడి ఉన్నారు. ఈ దేశానికి వీళ్ళతో పాటు అదే టూరులో వచ్చినవారే. పొద్దున తలనొప్పి అని హోటల్లో ఉండిపోయినవారు, ఎప్పుడో వేరే కారులో ఇక్కడికి చేరారు. అధ్యక్షుల కుర్చీ మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. ఇప్పుడు పెదవులు ఎర్రగా ఉన్నాయి, చేతిలో గ్లాసుంది.

"నా కళ్ళతో నేను చూస్తున్నదేమిటి? మన అధ్యక్షులు తాగి తూలడమా! ఇప్పుడే సంఘానికి ఫోన్ చేస్తాను. రాజీనామా ఇవ్వాల్సిందే!"

"మరి మీ చేతిలో?" అంది ఆవిడ.

"ఇది సాక్ష్యం చెల్లెమ్మా" అని, సాక్ష్యం ఎవరి చేతికీ చిక్కకూడదన్నట్టు గుటుక్కున మింగేశారు.

ముక్కుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ ఏప్రన్ అమ్మాయిని పిలిచి, "మా ఆయనకు ఏం పోశావో వీళ్ళకు చెప్పమ్మా" అంది.

"ద్రాక్షరసం. అందులో మద్యం చుక్క కూడా లేదు. పసిపిల్లలకూ ఇస్తాం."

ఎంత వైద్యం చేసినా ఇంత తొందరగా మత్తు దిగదు! ముక్కుగారు నిటారుగా నిలబడ్డారు. కోటు సర్దుకున్నారు. "విన్నారుగా? రసం! ఆ సంగతి నాకు మొదటి గ్లాసులోనే తెలుసు!"

"ఘాటన్నారు. ఎక్కేసిందన్నారు. పీపాను అన్నా అని పిలిచారు" అన్నారు ఉపాధ్యక్షులవారు.

ఆవిడ ఎంతో వినయంగా కల్పించుకుంది. "అన్నయ్యగారూ, చిన్న సందేహం. ఈయన ముక్కు చెప్పింది నిజమైతే ఈయన మద్యం తాగినట్టే, కుర్చీ మీది. తాగింది రసమే అయితే ఈయన ముక్కుకు రసానికీ మద్యానికీ తేడా తెలియనట్టు. మా తమ్ముడి దగ్గర సరిగ్గా ఇదే వాసన వచ్చిందని ఇప్పుడే ప్రమాణం చేశారు కూడానూ. ఏదో ఒకటి ఆయన్నే చెప్పమనండి."

ముక్కుగారు భార్యను చూశారు, ఉపాధ్యక్షులవారిని చూశారు, ఖాళీ గ్లాసును చూశారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, అధ్యక్షులవారి ముక్కు జలుబు కారణంగా గత రెండేళ్ళుగా సెలవులో ఉన్నట్టు పరిగణించడమైనది. ఆ కాలంలో అది ఇచ్చిన తీర్పులన్నీ రద్దు. అధ్యక్షులవారు మాత్రం యథాతథం!"

ఉపాధ్యక్షులవారు అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచారు. వెక్కిళ్ళు వచ్చాయి. తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆవిడ అక్కడే ఫోన్ తీసింది. "ఒరేయ్, వచ్చే ఆదివారం భోజనానికి రా. గేటు దగ్గరికి కాదు, లోపలికి."

అవతలినుంచి తమ్ముడు అడిగాడు. "మరి బావగారో?"

"ఆయనే రమ్మన్నారు."

"అక్కా, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"రెండూనురా. నీకెందుకు, రా!"

తిరుగు ప్రయాణంలో బస్సు ఊగుతూ సాగింది. వెనక సీట్లో ఉపాధ్యక్షులవారు గురక పెడుతున్నారు. ఆవిడ మొగుడి భుజం మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ పాడగా ఆయన వినలేదు.

ముక్కుగారు ఉలిక్కిపడి తల తిప్పారు. ఒక్క పీల్పు పీల్చారు. ఇంకొకటి పీల్చారు.

"ఇదిగో... నీ దగ్గర... ఇది నిస్సందేహంగా..."

"మీ ముక్కు సెలవులో ఉందండీ" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.