బుంగ పూడ్చే ముందు భల్లయ్య నేర్చుకున్న మూడు పద్ధతులు

అదొక పెద్ద అడవి. దానికి ఉన్నది ఒకటే చెరువు, చెరువుకి ఒకటే మట్టికట్ట. ఆ కట్ట చూసుకోడానికి మృగరాజు ఒక బృందాన్ని వేసి, ఎలుగుబంటి భల్లయ్యని దానికి నాయకుడిగా పెట్టాడు. భల్లయ్య మంచివాడే. పని తప్ప మిగతా అన్నిటి మీదా శ్రద్ధ ఉన్నవాడు.

ముసురు పట్టిన రెండో రోజు కట్ట అడుగున బుంగ పడి నీళ్లు చిమ్మడం మొదలైంది. సరిగ్గా దాని కిందే ఏదుపంది సూరమ్మ బొరియ. అందులో నాలుగు రోజుల పిల్లలు మూడు.

బృందంలోని అడవిపంది వరాలమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. వెళ్లి బుంగకి వీపు ఆనించి కూర్చుంది. నీళ్లు ఆగాయి.

సూరమ్మ భల్లయ్య కాళ్ల మీద పడింది. "అయ్యా, నలుగురొచ్చి మట్టి పోస్తే గంటలో పూడిపోద్ది. ఈ వానలో మిట్ట మీది గుహ దాకా మోస్తే పసికూనలు బతకడం కష్టమయ్యా!"

"కంగారు పడకమ్మా. ముందు ఈ బృందాన్ని ఏ పద్ధతిలో నడపాలో తేలాలి కదా," అన్నాడు భల్లయ్య. పక్కడవి నుంచి నక్క జంబులింగాన్ని పిలిపించాడు. నాయకత్వం నేర్పడమే జంబులింగం వృత్తి. తను ఎప్పుడూ ఎవరినీ నడిపింది లేదు.

"పద్ధతులు మూడండీ," అన్నాడు నక్క. "పులి పద్ధతి, జింక పద్ధతి, తాబేలు పద్ధతి. రోజుకొకటి వేసి చూద్దాం."

మొదటిరోజు పులి పద్ధతి. భల్లయ్య గాండ్రించాడు. కుందేళ్లు హడలిపోయి కలుగుల్లో దూరాయి. వాటిని బతిమాలి బయటికి రప్పించేసరికి సాయంత్రమైంది.

రెండోరోజు జింక పద్ధతి, అంటే అందరి అభిప్రాయం అడగడం. మట్టి ఎటువైపు నుంచి తేవాలో చేతులెత్తమన్నారు. కోతులు కాళ్లు కూడా ఎత్తాయి. లెక్క ఎంతకీ తేలలేదు.

మూడోరోజు తాబేలు పద్ధతి. ఎవరి జోలికీ పోకూడదు. అందరూ హాయిగా పడుకున్నారు.

ఈ మూడు రోజులూ వరాలమ్మ లేవలేదు. సూరమ్మే దుంపలు తవ్వుకొచ్చి దాని నోటికి అందించింది.

నాలుగోరోజు ఇప్పచెట్టు కింద ఆఖరి మీటింగు. "టీమ్ మొత్తం ఉంటేనే తేలుద్దండీ. ఆవిడొక్కతే రాలేదు. టీమ్ స్పిరిట్ బొత్తిగా లేదు," అన్నాడు నక్క.

భల్లయ్య కట్ట దగ్గరికొచ్చాడు. "వరాలమ్మా, మీటింగుకి రా."

"నేను లేస్తే నీళ్లొస్తాయయ్యా."

"మూడు రోజులుగా ఇదే వంక! ఇప్పుడు రాకపోతే బృందంలోంచి తీసేస్తా, మళ్లీ కట్ట దరిదాపులకి రానివ్వను."

"నీ పద్ధతులు పాడుగాను! నా పిల్లలయ్యా!" అని సూరమ్మ గుండెలు బాదుకుంది.

వరాలమ్మ లేచింది. కానీ మీటింగుకి పోలేదు, నేరుగా బొరియలోకి దూకింది. అదీ సూరమ్మా కలిసి పిల్లల్ని కరుచుకుని మిట్ట మీది రాతిగుహలోకి చేరాయో లేదో, కట్ట తెగింది. బొరియ కొట్టుకుపోయింది. నీళ్లు ఇప్పచెట్టు దాకా వచ్చాయి.

"పారిపోండర్రా!" అని భల్లయ్య గావుకేక పెట్టాడు. కుందేళ్లు, కోతులు అన్నీ ఒక్క ఉదుటున పరుగెత్తాయి.

బండరాయి ఎక్కి నిలబడ్డ జంబులింగం మొహం వెలిగిపోయింది. "చూశారా! ఒక్క మాటకి అందరూ ఎలా కదిలారో! మీ బృందానికి పులి పద్ధతేనండీ సరైనది."

మృగరాజుకి నివేదిక అదే వెళ్లింది. భల్లయ్యకి సన్మానం జరిగింది, మరో రెండు చెరువులు అప్పగించారు. చెప్పకుండా మీటింగు ఎగ్గొట్టినందుకు వరాలమ్మకి నోటీసు వచ్చింది. వీపు నొప్పితో లేవలేకపోతుంటే సూరమ్మే చదివి వినిపించింది.

నీతి: గొప్ప నాయకుడు కావాలంటే బుంగకి దూరంగా, మృగరాజుకి దగ్గరగా నిలబడాలి.