చీమకు ఎనిమిది కాళ్ళు

ఆ రోజుకి ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా ఇద్దరు గైడ్ల సంతకాలు, పన్నెండుకి ఆఫీసులో థీసిస్ అప్పగింత, ఒంటిగంటకి నిద్ర. సాయంత్రం అయిదు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఏడేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే.

చీమల నడకకు లెక్కలు కట్టడం ఆమె పరిశోధన. సగం జీవశాస్త్రం, సగం గణితం. అందుకే గైడ్లు కూడా ఇద్దరు: చీమల మేడమ్, లెక్కల సార్. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళకు అనుమానాలు ఎక్కువ. పైగా వారం నుంచి ఆమె సొరుగులో కాగితాలను ఎవరో కదుపుతున్నారు.

అనుమానం పక్క టేబుల్ పెద్దమనిషి మీదికి పోయింది. "ఎంతవరకు వచ్చింది?" అని రోజూ అడుగుతాడు. పీహెచ్‌డీ చేసేవాళ్ళను ఆ మాట అడిగేవాడు చుట్టమైనా కావాలి, పగవాడైనా కావాలి. ఇతను చుట్టం కాదు. అందుకని ఆమె అసలు థీసిస్ సంచిలో దాచుకుని, సొరుగులో ఒక దొంగ ప్రతి పెట్టింది. అందులో చీమకు ఎనిమిది కాళ్ళని రాసింది. ఆ ముక్క ఎవరి నోట వస్తే వాడే దొంగ.

పొద్దున వచ్చి చూస్తే సొరుగు ఖాళీ. దొంగ సంగతి తర్వాత చూద్దామని సంతకాలకు బయల్దేరింది. సార్ ఆమెను చూడగానే బల్ల మీదున్నదేదో పేపరు కింద దాచేసి, ముందు మేడమ్‌ని సంతకం పెట్టమన్నారు. రెండంతస్తులు దిగి వెళితే, ముందు సార్‌ని పెట్టమన్నారు మేడమ్. ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. నాలుగోసారికి సార్ గదికి తాళం వేసి ఉంది. కిందికి వస్తే మేడమ్ గదికి లోపల గడియ. లోపలి నుంచి సార్ గొంతు వినిపించింది.

"ఈ సంగతి ఆ పిల్లకి తెలిస్తే మన పరువేం కాను?"

ఇద్దరూ కలిసి తనను ముంచుతున్నారన్నమాట. ఆమె తలుపు బాదింది. తీసేసరికి బల్ల మీద దొంగ ప్రతి కనిపించింది.

"నా సొరుగు తెరిచింది మీరా సార్?"

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మేడమే ఒప్పుకున్నారు. ఏడేళ్ళుగా ఆవిడకు లెక్కల సగం, ఆయనకు చీమల సగం అర్థమే కాలేదట. అడిగితే నామోషీ అని ప్రతి మీటింగులోనూ తలలూపారట. తీరా సంతకం దగ్గరికొచ్చేసరికి భయమేసి, వారంగా ఆమె సొరుగులో కాగితాలు తీసి ఒకరికొకరు చాటుగా పాఠాలు చెప్పుకుంటున్నారట. ఆమెకు జాలేసింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

"అయినా నేను సంతకం పెట్టలేనమ్మా," అన్నారు సార్. "నిన్నట్నుంచి పదిసార్లు చేశా. ఎనిమిది కాళ్ళకి నీ లెక్క కుదరట్లేదు."

అప్పటికి నాలుగున్నరయింది. తను తవ్విన గోతిలో తానే పడ్డందుకు ఆమెకు ఏడుపు వచ్చింది.

"చీమకి ఆరు కాళ్ళే సార్. దొంగ దొరుకుతాడని నేనే తప్పు రాసి పెట్టాను."

సార్ మెల్లగా మేడమ్ వైపు తిరిగారు. "ఆ పేజీ మీ ముందే ఉంది కదండీ?"

"అది నా సబ్జెక్టే కదా అని చదవలేదు," అన్నారు మేడమ్. తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఇంకెవరికైనా తెలుసామ్మా?" అని అడిగారు.

ఆమె కళ్ళు తుడుచుకుని గడియారం చూసింది. "అయిదింటి దాకా తెలీదు మేడమ్."

రెండు పెన్నులు ఒకేసారి బయటికొచ్చాయి. సంచిలోంచి తీసిన అసలు థీసిస్‌ను తెరవకుండానే ఇద్దరూ గైడ్లు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ మీద సంతకాలు పెట్టేశారు. నాలుగు యాభైకి ఆఫీసు గుమాస్తా దాన్ని తీసుకుని రసీదు ఇచ్చాడు.

సంతకాల పైన "ఆసాంతం చదివి, సరిచూసి, తృప్తి చెందితిమి" అని ముందే అచ్చు వేసి ఉంది.