షామియానా డెమో

ఆ రోజు గిరిప్రసాద్ పెట్టుకున్న పని చిన్నదే. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉప్పల్ టెంట్ హౌస్ పోశయ్య వెంటబెట్టుకొచ్చే మరో ఇద్దరు టెంట్ హౌస్ ఓనర్లకు తాను తయారుచేసిన యాప్ చూపించాలి. వాళ్లకు నచ్చితే మల్కాజిగిరి నుంచి దమ్మాయిగూడ దాకా షామియానాలన్నీ ఆ యాప్ మీదే బుక్కవుతాయి. నచ్చకపోతే సోమవారం నుంచి ఏఎస్ రావు నగర్‌లో బావమరిది కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పుకోవాలి. ఆ మాట భార్య విజయశ్రీ అనలేదు. బావమరిదే అన్నాడు, అదీ నవ్వుతూ. అందుకే గిరిప్రసాద్‌కి మరీ మండింది.

పొద్దున్నుంచీ అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. నాచారంలోని ఆ అద్దె వాటా ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ, ఫోన్ జేబులో పెడుతూ, తీస్తూ, మళ్లీ పెడుతున్నాడు. "కాస్త కూర్చోండి. మిమ్మల్ని చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని చెప్పి, విజయశ్రీ వచ్చేవాళ్లకు గారెలు వెయ్యడానికి వంటింట్లోకి వెళ్లింది. అతను కూర్చున్నా బాగుండేది. ఊరికే ఉండలేక కొరివితో తల గోక్కున్నాడు. చివరిసారిగా ఓ ఉత్తుత్తి బుకింగ్ చేసి చూద్దామనుకున్నాడు.

యాప్ తెరవగానే అన్నిటికన్నా పైన కనిపించేది చావు. అది పోశయ్య పట్టుదల. "పెండ్లికి ముహూర్తం ఉంటది తమ్మీ, చావుకుండదు. గది ముందల వెట్టు" అన్నాడాయన. గిరిప్రసాద్ దాన్నే నొక్కి, తన ఇంటి చిరునామా ఇచ్చాడు. పోయినవారి పేరు దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. ఎంత ఇంజనీరింగ్ చదివినా, పొద్దున్నే చావు బుకింగులో సొంత పేరు కొట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? భార్య పేరైతే తలుచుకోవడానికే లేదు. పై వాటాలో ఒంటరిగా ఉండే ఇంటి ఓనరు పరంధామయ్య పేరు కొట్టేసి, నిశ్చింతగా స్నానానికి పోయాడు.

ఆ యాప్‌కి పరీక్షల కోసం ఒక దారి, అసలు వ్యాపారం కోసం ఒక దారి ఉన్నాయి. డెమోకి పనికొస్తుందని నిన్న సాయంత్రమే అసలు దారి తెరిచిన సంగతి అతను మరిచాడు. పైగా మధ్యలో మనిషి అవసరం లేకపోవడమే ఆ యాప్ గొప్పతనం. బుకింగ్ రాగానే ఏఐ ఓ తియ్యటి ఆడగొంతుతో డ్రైవర్‌కి ఫోన్ చేసి, ఏ సామాను ఎక్కడికి తేవాలో చెప్పి, ఎదురు ప్రశ్న అడిగేలోపే థాంక్యూ అని పెట్టేస్తుంది.

గడ్డం, స్నానం, పూజ ముగించి, చొక్కా ఇస్త్రీ చేసుకుని గిరిప్రసాద్ బయటికొచ్చేసరికి గేటు ముందు షామియానా లేచింది. కింద కుర్చీలున్నాయి. కుర్చీల్లో మనుషులున్నారు. పోశయ్య డ్రైవర్ నరేన్ ఇది పోయిన పరంధామయ్యగారి ఇల్లేనా అని ఎదురింటి రిటైర్డ్ టీచర్ అరుణకుమారిని అడిగాడట. ఆవిడ గుండె పట్టుకుని పరంధామయ్యకు ఫోన్ చేస్తే, అది పైవాటాలో మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఫోన్ ఇంట్లో పడేసి వాకింగ్‌కి పోవడం రోజూ ఉన్నదే, కానీ ఆ క్షణాన ఎవరికి తడుతుంది? ఆవిడ నాలుగిళ్లకు చెప్పింది. చావింటికొచ్చి ఎలా పోయారని అడగడం మర్యాద కాదు కనక వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చున్నారు. వెనక వచ్చినవాళ్లు ముందున్నవాళ్లను చూసి నమ్మారు.

"ఎవరూ పోలేదండీ. అంతా పొరపాటు" అన్నాడు గిరిప్రసాద్.

అరుణకుమారి అతని చెయ్యి పట్టుకుంది. "ఏడుపొస్తే ఏడ్చెయ్ నాయనా. లోపల దాచుకోకు."

ఎవరో మంచినీళ్లు తెచ్చి తాగించారు. అతను విదిలించుకుని నరేన్ దగ్గరికి పరుగెత్తి, ఓనర్లు వచ్చేలోపు సామాను ఎత్తెయ్యమని బతిమాలాడు.

"మేడం జెప్పాలె సార్. మేడం జెప్పకుండ ఎత్తితే మా సేటు ఊకోడు."

ఆ మేడమ్‌ని తయారుచేసింది తనేనని గిరిప్రసాద్ చెప్పాడు. నరేన్ కూడా అతన్ని జాలిగా చూసి భుజం తట్టాడు.

అప్పుడే పరంధామయ్య తోటకూర కట్టతో వాకింగ్ నుంచి తిరిగొచ్చాడు. ఆయనా మర్యాద తెలిసినవాడే. ఏమీ అడగకుండా చివరి వరసలో కూర్చుని కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత ఉండబట్టలేక పక్క కుర్చీలోని చలపతిరావును మెల్లగా అడిగాడు, "ఎవరు పోయిన్రు?"

"మన పరంధామయ్యగారండీ. బంగారం లాంటి మనిషి. నీళ్ల మోటారు దగ్గరే కాస్త పిసినారి" అంటూ చలపతిరావు కళ్లు తుడుచుకుని పక్కకు తిరిగాడు.

చలపతిరావు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అరుణకుమారి తెచ్చిన పూలదండను గబుక్కున కొంగుచాటుకు దాచేసింది. గిరిప్రసాద్ ఇంటి ఓనరు కాళ్ల మీద పడ్డంత పనిచేసి ఉన్నదంతా చెప్పేశాడు. పరంధామయ్య ముఖం ఎర్రబడింది. ఇప్పటికిప్పుడు ఇల్లు ఖాళీ చెయ్యమంటాడని గిరిప్రసాద్ బిక్కచచ్చిపోయాడు. కానీ ఆయన చూపు కుర్చీల మీదే ఉంది.

"దసరాకు పిలిస్తే ఒక్కలు రాలే. ఇయ్యాల ఇంతమంది నా కోసమే వచ్చిన్రా?"

చలపతిరావు సిగ్గుతో పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టాడు. "వచ్చిన్రు గద, చాయ్ తాగి పోన్రి" అన్నాడాయన. విజయశ్రీ ఓనర్ల కోసం వేసిన గారెలన్నీ తెచ్చి వరసగా పంచేసింది.

సరిగ్గా ఆ గారెల మధ్యకే పోశయ్య కారు వచ్చి ఆగింది. తన షామియానాను, దాని కింది జనాన్ని చూసి పోశయ్య నోరు తెరిచాడు. గిరిప్రసాద్‌కి కోచింగ్ సెంటర్ బోర్డు కళ్ల ముందు ఆడింది. ఈలోపే దమ్మాయిగూడ ఓనరు దిగి, షామియానా చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి, బుకింగ్ ఎప్పుడు చేశావని అడిగాడు.

"పొద్దున్నే. ఒక్కసారి నొక్కానండీ, అంతే" అన్నాడు గిరిప్రసాద్ ఏడుపు గొంతుతో.

"కుర్చీలు అందరం ఏస్తం తమ్మీ. మా దిక్కు కొత్త కాలనీలల్ల ఒకలకొకలు ఎరుకుండరు. మనిషి పోతే వంద కుర్చీలేసినా నలుగురు కూసోరు, సూస్తే పానం ఉసూరుమంటది. నీ దాన్ల మనుషులు గూడ వస్తరా?"

లేదని చెప్పబోయాడు గిరిప్రసాద్. పోశయ్య అతని భుజం గట్టిగా నొక్కాడు. "అన్నీ యాప్‌లనే ఉన్నయ్ అన్నా."

అక్కడే, ఆ షామియానా కిందే ఒప్పందం కుదిరింది. చాయ్ తాగి ఓనర్లు వెళ్లిపోయాక గిరిప్రసాద్ పొద్దున్నుంచి మొదటిసారి కుర్చీలో కూలబడ్డాడు. కోచింగ్ సెంటర్ పీడ విరగడైంది. విజయశ్రీ ముఖం చూస్తే కడుపు నిండిపోయింది. ఆ సాయంత్రమే దమ్మాయిగూడ నుంచి మొదటి అసలైన బుకింగ్ వచ్చింది.

షామియానా ఒకటి, కుర్చీలు యాభై, మనుషులు నలభై.