సోయన్ చేతులకు దొరికిన గొంతు

‘మా ప్రాంగణంలో వినపడని గొంతంటూ ఉండదు’ అని కొరియాలోని సోల్‌మే విశ్వవిద్యాలయం ఆ వసంతంలో ప్రకటించింది. మైకులో ప్రకటించింది. అందుకని ఎవరిని ఉద్ధరించడానికి ఆ ప్రకటన వెలువడిందో ఆ తక్ సోయన్ అనే విద్యార్థినికే అందరికన్నా చివర తెలిసింది.

సోయన్‌కు పుట్టుకతోనే వినపడదు. చరిత్ర చదువుతోంది. పాఠం జరుగుతుండగానే ప్రొఫెసరు మాటలు అక్షరాలై తెర మీద పడేలా చూడమని, చేరిన నాటి నుంచి అడుగుతోంది. వికలాంగ విద్యార్థుల సహాయ కేంద్రం డైరెక్టరు కుక్ దోంగ్‌మాన్ గారు దయామయులు. అడిగినప్పుడల్లా కూర్చోబెట్టి బార్లీ టీ ఇచ్చి, అంతటి సాంకేతికత కొరియాలో ఇంకా రాలేదని సెల్‌ఫోన్లో టైపు చేసి చూపేవారు.

బదులుగా నోట్సు రాసిపెట్టే తోటి విద్యార్థిని ఇచ్చారు. అతను నిజాయితీపరుడు. ‘ఇక్కడ ప్రొఫెసరు గారు జోకు వేశారు. అందరం నవ్వాం’ అని రాశాడు. ఆ రోజు పాఠం అంతే. సోయన్ పరీక్ష తప్పింది. ఇంకోసారి తప్పితే ఇంటికే.

ఇంతలో ‘అడ్డంకులు లేని ప్రాంగణం’ పతకం సోల్‌మేను వరించింది. ఇవ్వడానికి విద్యాశాఖ ఉపమంత్రి వస్తున్నారు. కుక్ గారు సోయన్‌ను పిలిపించారు.

“వేదిక మీద రెండు ముక్కలు చెప్పాలమ్మా,” అని టైపు చేశారు.

“ఏం చెప్పమంటారు సార్?” అని సోయనూ టైపు చేసింది.

“మనసులో ఉన్నదే చెప్పు. నువ్వు చేతులు కదుపు, చాలు. గొంతు సంగతి మేం చూసుకుంటాం.”

ఆ సాయంత్రం వీడియో కాల్లో వాళ్ళమ్మ సైగలతోనే హెచ్చరించింది. “వంగి దండం పెట్టి దిగిరావే. తిట్టాలనుంటే డిగ్రీ చేతికొచ్చాక తిట్టు.”

సోయన్ అమ్మ మాట వినలేదు. వేదికెక్కి, దూరానికి కూడా తెలిసేలా నిదానంగా చేతులు కదిపింది. తరగతిలో గోడలు చూస్తూ కూర్చుంటున్నానని చెప్పింది. వాళ్ళంతా ఎందుకు నవ్వారో ఇప్పటికీ తెలియదని చెప్పింది. తనకు దయ అక్కర్లేదని, తెర మీద నాలుగు అక్షరాలు పడితే చాలని చెప్పింది.

సభ లేచి నిలబడింది. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపాలని కుక్ గారు ముందే అందరికీ నేర్పారు. హాలంతా చేతులే. ఉపమంత్రి కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నాళ్ళూ అడిగే తీరు తనకే తెలియలేదేమో, పెద్దవాళ్ళు ఇంత మంచివాళ్ళా అని సోయన్ సిగ్గుపడింది.

అయితే ఎవరి చూపూ ఆమె చేతుల మీద లేదు. అంతా ఆమె తల మీదుగా చూస్తున్నారు. సోయన్ వెనక్కి తిరిగింది.

గోడంత తెర మీద తన బొమ్మ. దాని కింద, ఒక్క అచ్చుతప్పు లేకుండా, అక్షరాలు పరుగెడుతున్నాయి.

‘ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. కుక్ గారు నా పాలిట దేవుడు.’

ఆ మాటలు మైకులో చదివిన ఆడగొంతు తేనెలా ఉందని మర్నాడు పత్రికలు రాశాయి.

సోయన్ కెమెరా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. “అబద్ధం. ఇవి నా మాటలు కావు. ఆపండి,” అంది.

తెర మీద ఆఖరి వాక్యం పడింది.

‘ఆనందంతో నాకు ఇక మాటలు రావడం లేదు.’