భవాని పేట్‌కు నది మంజూరైన విధం

1988 వేసవిలో, మరాఠీ ఊళ్ళో స్థిరపడ్డ మా తెలుగు నేతగాళ్ళ పేట అయిన భవాని పేట్‌లో, మా వీధికి ఒక నది మంజూరైంది. అది కొండల్లో నుంచి రాలేదు, కార్పొరేషన్ తీర్మానంలో నుంచి వచ్చింది.

అంతకు ముందు అది నాలా. అద్దకపు కొట్టాల నీళ్ళూ వీధి మురికీ కలిసి మా మగ్గాల ఇళ్ళ వెనక పారేవి. చద్దర్లకు ఆ రోజు ఏ రంగు అద్దితే నాలాదీ అదే రంగు. ఇంత కళాదృష్టి ఉన్న మురుగు దేశంలో మరెక్కడా లేదని మా గట్టి నమ్మకం.

మా వార్డు నుంచి కార్పొరేషన్‌కు గెలిచిన గంగాధర్ గారు ఇంటింటికీ కుళాయి నీళ్ళు తెస్తానని ఎన్నికల్లో మాట ఇచ్చారు. మేము అడిగింది నల్లా. ఆయన చేతికి అందింది నాలా. తేడా చిన్నదే కనుక, నాలాను నదిగా ప్రకటిస్తే ఇచ్చిన మాట నిలబడుతుందని ఆయనకు తోచింది.

అయితే ఒడ్డున పెట్టే బోర్డు మీద మరాఠీ పక్కన తెలుగులో ఏమని రాయాలన్న గంభీర సమస్య తలెత్తింది. తెలుగు సంఘం అధ్యక్షులు పెంటప్ప గారు వెంటనే అశోక్ చౌక్‌లో పండిత సభ పెట్టారు.

"నాదం చేసేది నది. మన నాలా రాత్రింబగళ్ళు గుడగుడమంటూనే ఉంటుంది. కనుక వ్యుత్పత్తి అతికినట్టు సరిపోయింది" అని వారు సెలవిచ్చారు.

అచ్చతెలుగు కావాలన్నవాళ్ళు 'ఏరు' అన్నారు. అలా రాస్తే చెత్త ఏరమన్నారని జనం పొరబడతారనీ, ఎవరైనా నిజంగా ఏరేస్తే నది రూపమే మారిపోతుందనీ అభ్యంతరం వచ్చింది. పైగా దానికి బహువచనం 'ఏళ్ళు'. నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగేవాళ్ళకు ఏళ్ళని జవాబు కనబడితే బాగుండదని గంగాధర్ గారే సూచించారు. 'వాగు' అన్న మాటను ఒకాయన ప్రతిపాదించాడు గానీ, మైకు ముందున్న వక్త అది తననే అన్నారనుకుని నొచ్చుకున్నారు.

చివరికి నదే గెలిచింది. బోర్డు లేచింది. కొబ్బరికాయ కొట్టారు. మా వీధి ఆ ఏడాది చూసిన అతి శుభ్రమైన నీళ్ళు ఆ కాయలోవే.

ఆ మర్నాటి నుంచి మంచినీళ్ళ ట్యాంకర్ రావడం మానేసింది.

నాలా పక్క గదిలో బీడీలు చుట్టి పిల్లలను సాకుతున్న బాలమణి ఖాళీ బిందెతో వార్డు ఆఫీసుకు వెళ్ళింది. నది ఒడ్డున ఉండేవాళ్ళకు ట్యాంకర్ పంపే నియమం లేదని గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

"నది ఏంది సాబ్, అది మోరీ."

"బోర్డు చదవలేదా బాయీ?"

"నాకు చదువు రాదు. వాసనొస్తది."

ఆ సాక్ష్యం ఆఫీసుకు సరిపోలేదు. బాలమణి దూరపు బావి దగ్గర వరుసలో నిలబడి నీళ్ళు మోయసాగింది. దాంతో బీడీలు తక్కువ పడ్డాయి. ఇలాగైతే ఇక ఆకు ఇవ్వనని కార్ఖానా మేనేజరు అన్నాడు. ఆకు లేకపోతే పొయ్యి లేదు. ఆమె ఇంటికొచ్చి కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగు బిగించి, వీధి ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని, పసుపు కుంకుమలతో గంగాధర్ గారి ఇంటికి వెళ్ళింది.

"సేఠ్, నది వచ్చి నెల కావస్తున్నది. ఒక్కరు గూడ మునగలే. పుణ్యమంత వట్టిగ వోతున్నది. మొదటి తానం తెచ్చినోళ్ళే జెయ్యాలె గద. రేపు సోమారం. బ్యాండు గూడ మాట్లాడినం."

గడప నిండా ఓటర్లు ఉన్నారు. ఆయన కాదనలేకపోయారు.

సోమవారం నది ముదురు ఆకుపచ్చగా ఉంది. బ్యాండు మోగింది. గంగాధర్ గారు భుజాన కొత్త తువ్వాలుతో, పక్కన పెంటప్ప గారితో ఒడ్డుకు వచ్చారు. ముక్కు మూసుకోబోయిన చేతిని మధ్యలోనే నమస్కారంగా మార్చారు.

"భయం వద్దు సేఠ్, లోతు లేదు" అంది బాలమణి నిదానంగా. "మా పోరగాండ్లు రోజు పడ్తనే ఉంటరు."

గంగాధర్ గారు పెంటప్ప గారి వైపు చూశారు. పెంటప్ప గారు గొంతు సవరించుకున్నారు.

"శాస్త్రాన్ని పునఃపరిశీలించగా, కొండలో పుట్టినదే నది. దీని జన్మస్థానం రంగుల కొట్టం. కనుక ఇది నాలాయే. నాలాలో స్నానం నిషిద్ధం."

పాండిత్యాన్ని గంగాధర్ గారు అంత ఆనందంగా గౌరవించడం మేమెన్నడూ చూడలేదు. భుజం మీది తువ్వాలే తీసి పెంటప్ప గారికి శాలువాలా కప్పారు.

"నాలా అయితే ట్యాంకర్ రావాలె" అంది బాలమణి, దారికి అడ్డంగా నిలబడి. "ఈడనే జెప్పున్రి సేఠ్. అందరు ఇంటున్నరు."

ఆయన చెప్పక తప్పలేదు. సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది. మొదటి బిందె బాలమణిదే. వారం తిరగకుండా ఆమె బీడీల లెక్క సరిపోయింది, ఆకూ దొరికింది.

దీంతో అందరికీ బుద్ధి వచ్చిందని మీరు అనుకోవచ్చు. మరుసటి నెల పక్కనున్న జోడ్‌భావి పేట్ వాళ్ళు, తమ నాలా మాదానికన్నా వెడల్పు కనుక నది హోదా తమకే దక్కాలని సభ పెట్టారు. గంగాధర్ గారు ముఖ్య అతిథి. పెంటప్ప గారు కొండ ప్రస్తావన లేకుండా గంటసేపు మాట్లాడారు. సభ కిటకిటలాడింది. వచ్చినవాళ్ళలో సగం మంది మా వీధివాళ్ళమే, బాలమణితో సహా. వచ్చిన ప్రతివారికీ చల్లటి మంచినీళ్ళు పోస్తామని ముందే చాటింపు వేయించారు మరి. ఇంకో గ్లాసు పోసి ఉంటే ఉపనదులకు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళం.